గోలు వెనక కుర్చీ

డ్రిల్ మాస్టరును ఎవరూ సలహా అడగరు. లెక్కల మాస్టరును అడుగుతారు, ఉర్దూ చెప్పే మౌల్వీసాబును అడుగుతారు. మేం ఎదురుపడితే మాత్రం కడుపు పట్టుకుని, ఇవాళ ఆటకు రాలేనని సెలవు అడుగుతారు. అందుకే మొన్న కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన ఒక కుర్రవాడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "మీ అనుభవంతో నాలుగు ముక్కలు చెప్పండి సార్" అంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. చాయ్ తాగించి పంపించాను. అతడు వీధి మలుపు తిరిగాక చెప్పవలసినవన్నీ గుర్తొచ్చాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

విజిల్ ఎలా ఊదాలో, పిల్లలను వరసలో ఎలా నిలబెట్టాలో రాయను. అవి ఎవరైనా చెబుతారు. నేను నేర్చుకున్నదంతా దాదాపు ఒకే జట్టు దగ్గర నేర్చుకున్నాను. నిజాం రాజ్యం చివరి సంవత్సరాల్లో, పాలమూరులో ఒక హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు అది. వెనక నిలబడేవాళ్లు గట్టివాళ్లు. పరుగెత్తేవాళ్లు లేళ్లలా పరుగెత్తేవారు. బంతి ఎప్పుడు చూసినా మా పిల్లల కాళ్ల దగ్గరే ఉండేది. గోలు మాత్రం పడేది కాదు.

హోటల్ కచేరీ

ఊళ్లో వేరే జట్టు లేదు కనుక మా బడి జట్టే ఊరి జట్టు. దాని మంచిచెడ్డలన్నీ బస్సులు ఆగేచోట ఖాసింభాయి చాయ్ హోటల్లో తేలేవి. ఆట అయిపోయిన సాయంత్రం అక్కడ కచేరీ నడిచేది. ముద్దాయి ఎప్పుడూ ఒకరే, మా ముందువరస. ఆ రోజుల్లో ముందువరసలో అయిదుగురు ఆడేవారు. అయిదుగురుండి ఒక్క గోలు కొట్టలేకపోవడం ఏమిటన్నది కేసు.

ఆ కచేరీకి పెద్దలు ముగ్గురు. మొదటివాడు నర్సింగరావు, ఒక వకీలు దగ్గర గుమాస్తా. వేలిని చాయ్‌లో ముంచి, రాతిబల్ల మీద అయిదు చుక్కలు పెట్టి, ఎవడు ఎక్కడ నిలబడాలో గీతలు గీసి చూపించేవాడు. "గీడ నిలవడాలె సార్ లెఫ్టోడు. గీడికెల్లి గిట్ల రావాలె" అంటూ ఆయన గీత పూర్తిచేసే లోపల మొదటి చుక్కలు ఆరిపోయేవి. మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. ఆయన జన్మలో ఒక్కసారి బంతిని తన్నాడు, అదీ హోటల్ మెట్ల మీదికి దొర్లుకుంటూ వస్తే. అప్పుడు చెప్పు ఊడి ఖాసింభాయి పాలగిన్నెలో పడింది.

రెండోవాడు మంగలి బాలయ్య. తప్పంతా జుట్టుదని ఆయన వాదం. "నెత్తిమీది ఎంటికలు కండ్లల్ల పడుతున్నయి సార్. గోలు యాడ కనవడతది పోరగాండ్లకు?" అని, ఒక శుక్రవారం అయిదుగురినీ కూర్చోబెట్టి ఉత్తపుణ్యానికి గుండ్లు గీసి పంపించాడు. ఆ వారం కూడా గోలు పడలేదు. కాకపోతే దూరం నుంచి మా వాళ్లను గుర్తుపట్టడం సులువైంది.

మూడోవాడు జహంగీర్, కల్వకుర్తి బస్సు డ్రైవరు. యుద్ధం రోజులు, పెట్రోలు దొరికేది కాదు. బస్సు వెనక బొగ్గుల పొయ్యి పెట్టి, దాన్ని రాజేసి, ఆ పొగతో బండి నడిపేవారు. "ఇంజన్ ఏడెక్కకుంటె బండి లేస్తదా మాస్టర్‌సాబ్? పోరగాండ్లను సుత గట్లనే ఏడెక్కియ్యాలె" అన్నాడు. ఏ దేవుడు చెప్పాడో గాని నేను ఆ మాట విన్నాను. ఆటకు ముందు పిల్లలను రైలు స్టేషను దాకా పరుగెత్తించి తీసుకొచ్చాను. వేడెక్కడం వేడెక్కారు. ఆట మొదలయ్యే సరికి ఇద్దరు చెట్టుకింద పడుకున్నారు.

కొత్తగా వచ్చేవాళ్లకు నా మొదటి మాట ఇదే. ఊరివాళ్ల సలహాలు వినండి, వినకపోతే బాధపడతారు. కాని మైదానం దాకా తీసుకురాకండి. ఇంకో మాట. ఖాసింభాయి ఒక్కడే ఏమీ అనేవాడు కాదు. గోలు పడనంత కాలం ఆయనకు చాయ్ బాగా అమ్ముడుపోయేది.

ఆ ముగ్గురికీ ఒక్క విషయంలో మాత్రం తేడా ఉండేది కాదు. సెంటర్ ఫార్వర్డ్ మల్లేశాన్ని తీసెయ్యాలి.

మల్లేశం

మల్లేశం కురుమల పిల్లవాడు. కల్వకుర్తి దగ్గర పల్లె. తండ్రి బీరయ్య ఆ ఊరి దొర గొర్రెలు కాసేవాడు. గొర్రెల వెంట కొండలెక్కి దిగిన కాళ్లు కదా, ఆ పిల్లవాని అడుగులో ఒక బలం ఉండేది. ఒంటరిగా ఉన్నప్పుడు బంతిని తంతే మైదానం చివర గోడకు తగిలి మళ్లీ నా దగ్గరికి వచ్చేది. అది చూసే నేను మా సదర్ సాహెబును, అంటే హెడ్మాస్టరును, బతిమాలి అతనికి బోర్డింగులో ఒక సీటు ఇప్పించాను. ఆటగాడి సీటు అది. తిండి, పడక, చదువు అన్నీ దాని మీదే. మెట్రిక్ దాకా వచ్చాడు.

అలాంటివాడు గోలు దగ్గరికి వెళ్లగానే ఏమయ్యేదో చెబుతాను. ఎదురుగా ఎవరూ లేరు, గోలు కాసే గోలీ ఎటో పడి ఉన్నాడు, పాదం ముందు బంతి. తన్నడం ఒక్కటే తరువాయి. మల్లేశం ఆగేవాడు. ఎడమకు చూసేవాడు. బంతిని మెల్లగా, పళ్లెంలో పెట్టినట్టు ఎడమవైపువాడికి ఇచ్చేవాడు. ఆ ఎడమవైపువాడు దాన్ని మైదానం పక్కనున్న ఆముదం చేలోకి తన్నేవాడు.

ఎడమవైపు ఆడేది కిషన్. మల్లేశం ఊరి దొర కొడుకు. చిన్నదొర.

ఇది మైదానంలో ఉన్న ప్రతివాడికీ కనబడేది. హోటల్లో మాత్రం ఎవరూ అనేవారు కాదు. నర్సింగరావు గీత ఎడమవైపు చుక్క దగ్గరికి రాగానే ఆయనకు దగ్గు వచ్చేది. బాలయ్య ఇంకో చాయ్ చెప్పేవాడు. చివరికి అందరూ కలిసి, "గా కురుమ పోరనికి దమ్ము లేదు సార్" అని తేల్చేవారు. సదర్ సాహెబు చెవిన కూడా అదే పడింది. ఆయన మంచివాడే, కాని ఫుట్‌బాల్ కూడా కవాతులాగే వరస తప్పకుండా ఆడితే గెలుస్తామని నమ్మేవాడు. నన్ను పిలిచి, నల్లగొండ జట్టుతో జరిగే ఆటలో కూడా గోలు పడకపోతే ఆ సీటు వేరే పిల్లవాడికి ఇస్తానని చెప్పాడు. సీటు పోతే మల్లేశం ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. దొర గొర్రెల వెనక్కే.

కాలు గట్ల పోతది

మల్లేశాన్ని పక్కకు పిలిచి అడిగాను. ఎందుకు తన్నవు, భయమా అని.

"భయం కాదు సార్. నేను కావాలని ఇయ్య. దగ్గరికి పోంగనే చిన్నదొర యాడున్నడో అని కండ్లు ఎతుకుతయి. కాలు గట్ల పోతది."

"ఆయన ఇవ్వమన్నాడా?"

"లేదు సార్. మా బాపు గొర్లు తోలుకోని గడి ముంగటికెల్లి పోతుంటె, ఎవ్వలు చెప్పకుండనే గొర్లు సుత పక్కకు జరుగుతయి."

గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. ఆ మాట విని నేను నవ్వాను. నవ్విన తరువాత సిగ్గేసింది. మాది క్రైస్తవ కుటుంబం. మిషన్ బడిలో చదువుకుని ప్యాంటు తొడిగిన మొదటివాణ్ని నేనే. మా నాయిన సెంటు భూమి లేక దొరల పొలాల్లో పనిచేసినవాడు, దొర ఎదురైతే చెప్పులు చేతిలోకి తీసుకున్నవాడు. నాకు తెలియని విషయమా అది?

రెండు రోజులకు చిన్నదొర మా ఇంటికి వచ్చాడు. మెత్తని పిల్లవాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, జర మల్లేశానికి చెప్పుండ్రి. బాల్ నాకియ్యొద్దని."

"నువ్వే చెప్పరాదా?"

"చెప్పిన సార్. ఊ అంటడు, మల్ల నాకే ఇస్తడు. గట్టిగ చెప్తె ఇంక జాగర్తగ, పైలంగ ఇస్తడు. నాకు తన్నరాదని ఊరంత తెల్సు. మొకం మీద ఎవ్వలనరు, నేను అటు మర్లంగనే నవ్వుతరు."

అంతవరకూ ఆ పిల్లవాడు కూడా బాధపడుతున్నాడని నాకు తట్టలేదు. ఇచ్చేవాడికి ఒక కష్టం, పుచ్చుకునేవాడికి ఇంకో కష్టం.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. డ్రిల్ మాస్టరు దగ్గర ఉపన్యాసాలుండవు, జాగాలు మార్చడం ఒక్కటే ఉంటుంది. కళ్ల ముందు లేనివానికి మల్లేశం బంతి ఇవ్వలేడు కదా అని కిషన్‌ను గోలీగా పెట్టాను. అతని చేతులు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. కాలితో చేతగానిదంతా చేతులతో చేశాడు. ఎటు తన్నినా పట్టేవాడు. మొదటిసారి అతడు ఆడుతూ నవ్వడం చూశాను.

హోటల్లో మాత్రం పిడుగు పడింది. "దొర కొడుకును తీస్కపోయి తలుపుకాడ కావలి పెడతవా సార్? పెద్దదొరకు తెలిస్తె మన బతుకేంగాను?" అన్నాడు బాలయ్య. నర్సింగరావు చాయ్‌తో గీత గీయడం కూడా మరిచిపోయాడు. జహంగీర్ ఒక్కడు, బస్సులో బరువైన సామాను వెనకనే పెడతారని నా పక్షం మాట్లాడాడు.

నల్లగొండ ఆట

నల్లగొండ జట్టు మధ్యాహ్నానికే దిగింది. రిఫరీ హైదరాబాదు ఫౌజు నుంచి వచ్చిన జమేదారు. పాలమూరులో ఎవరు దొరో ఎవరు కాదో ఆయనకు తెలియదు. అది మా అదృష్టమని తరువాత తెలిసింది.

ఆట మొదలయ్యే వేళకు పెద్దదొర వచ్చాడు. కొడుకు ఆట చూడాలని మొదటిసారి రావడం. కొడుకు గోలు దగ్గర నిలబడ్డాడని చూసి కనుబొమ్మ ఎత్తాడు. కొడుకును దగ్గరగా చూడాలని కుర్చీ సరిగ్గా ఆ గోలు వెనక వేయించుకుని కూర్చున్నాడు. నెట్టు అప్పట్లో మాకు లేదు. రెండు గుంజలు, పైన ఒక వెదురు బొంగు, వాటి వెనక దొర.

మొదటి సగం మా పిల్లలు అవతలి వైపు ఆడారు. మల్లేశం ఎడమకు చూడలేదు. చూసినా అక్కడ ఎవరూ లేరు. వచ్చిన ప్రతి బంతినీ తన్నాడు. ఒకటి గుంజకు తగిలి మైదానమంతా మోగింది. హోటల్ వాళ్ల గొంతులు పోయాయి. బాలయ్య పక్కవాడి భుజాలు గుద్ది గుద్ది వాపు తెప్పించాడు. రెండో సగంలో ఖాయమని అందరం అనుకున్నాం. సదర్ సాహెబు కూడా మొట్టమొదటిసారి నా వైపు చూసి తల ఊపాడు.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. చిన్నదొర అవతలి గోలుకు పోయాడు. మా పిల్లలు ఇప్పుడు ఇవతలి గోలు మీదికి రావాలి. పెద్దదొర కుర్చీ మాత్రం అక్కడే ఉంది. ఆయన పాన్ నములుతున్నాడు, లేచే ఆలోచన లేదు. దొర ఒకసారి కూర్చున్నాక కుర్చీ జరపమని ఎవరంటారు?

నర్సింగరావు నేను చెబుతానని బయలుదేరాడు. చొక్కా సర్దుకుని, దగ్గరికి వెళ్లి, వంగి సలాం చేసి, వానలు ఎట్లున్నయని అడిగి తిరిగొచ్చాడు. నవ్వకండి. నేను అంత దూరం కూడా పోలేదు.

రెండో సగంలో మల్లేశం బంతి తీసుకుని దూసుకుపోయాడు. తలెత్తి గోలు చూశాడు. గోలు మధ్యలో దొర ముఖం ఉంది. కాలు గాలిలోనే మెత్తబడింది. బంతి పక్కకు పోయింది. ఇంకోసారీ అంతే. మూడోసారి తన్నీతన్నకుండా వదిలిన బంతి మెల్లగా దొర్లుకుంటూ గుంజ పక్క నుంచి పోయి దొర కాళ్ల మధ్య ఆగింది.

"మల్లిగా, గీ బాల్ తీస్కపోరా" అన్నాడు దొర.

మల్లేశం పరుగున వెళ్లాడు. నడుము వంచి, దొర కాళ్ల దగ్గర చేతులు పెట్టి బంతి తీసుకున్నాడు. అలవాటుగా "బాంచెన్ దొరా" అనే మాట నోట్లోంచి వచ్చేసింది. బాంచెన్ అంటే నీ బానిసను అని. నల్లగొండ పిల్లలు అది విని పగలబడి నవ్వారు. వెనక్కి వస్తున్నప్పుడు అతని ముఖం చూశాను. సీటు పోతుందని ఏడవడానికి సిద్ధంగా ఉంటాడనుకున్నాను. కళ్లలో తడి లేదు, దవడ బిగిసి ఉంది.

ఆట ఇక అయిపోవస్తుండగా బంతి మళ్లీ అతనికి దొరికింది. ఇద్దరిని దాటాడు. తల ఎత్తలేదు. ఎటూ చూడలేదు. గోడకు తన్నినట్టు తన్నాడు. బంతి రెండు గుంజల మధ్య నుంచి పోయింది. దొర పక్కకు వంగాడు, రుమాలు కిందపడింది, బంతి కుర్చీ చేతికి తగిలి ఆయన ఒళ్లో పడింది.

రిఫరీ విజిల్ ఊదాడు. గోలు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎన్ని నెలలనుంచో గోలు గోలు అని గుండెలు బాదుకున్న మనుషులు చేతులు జేబుల్లో పెట్టుకుని దొర ముఖం చూస్తున్నారు. బాలయ్య చూపులు నేల మీద ఉన్నాయి. జహంగీర్ బీడీ ఆరిపోయింది. నా చేతులు కూడా లేవలేదు, దాచకుండా రాస్తున్నాను. అవతలి చివర నుంచి ఒక్క జత చేతుల చప్పుడు వినిపించింది. చిన్నదొర కొడుతున్నాడు.

మల్లేశం బంతి కోసం వెళ్లాడు. ఈసారి నడిచి వెళ్లాడు. కుర్చీ ముందు నిలబడ్డాడు. నడుము వంచలేదు.

"బాల్ ఇయ్యుండ్రి దొరా. సెంటర్ల పెట్టాలె."

దొర పాన్ నమలడం ఆపాడు. తరువాత ఒళ్లోని బంతిని తన చేత్తో తీసి ఇచ్చాడు. రుమాలు ఎవరూ తీయలేదు. తానే వంగి తీసుకున్నాడు.

తరువాత

దొర మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. మర్నాడు బీరయ్యను గడికి పిలిపించి ఎండలో నిలబెట్టారు. ఆ సంగతి తెలిసి చిన్నదొర బస్సెక్కి ఊరికి పోయి, బీరయ్య చేయి పట్టుకుని ఇంటికి పంపించి వచ్చాడు. తండ్రీకొడుకులు గడిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సీటు మాత్రం నిలిచింది. మల్లేశం మెట్రిక్ రాశాడు, పాసయ్యాడు, తరువాత మరో జిల్లాలో బడి పంతులయ్యాడు. డ్రిల్ కాదు, లెక్కలు. సలహాలు అడిగించుకునే ఉద్యోగమే చూసుకున్నాడు.

హోటల్లో ఆ వారమంతా కచేరీ సరిగ్గా నడవలేదు. చాయ్ చల్లారిపోయేది. ఒకరోజు బాలయ్య కత్తెర సంచి బల్ల మీద పెట్టి అన్నాడు. "ఆ పోరనికి దమ్ములేదని మనమే అంటిమి సార్. గోలు పడ్డంక మన చేతులేమాయె?" నర్సింగరావు వేలు చాయ్‌లో ముంచాడు గాని గీత గీయలేదు.

కొత్త మాస్టర్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ముందువరసలో లోపం కనబడితే ఒకసారి వెనక్కి తిరిగి మైదానం గట్టు మీద కూర్చున్నవాళ్లను కూడా చూడండి. పిల్లల కాళ్లకు వచ్చే జబ్బు చాలాసార్లు అక్కడి నుంచే అంటుకుంటుంది. అందులో డ్రిల్ మాస్టరు కూడా కూర్చుని ఉంటాడు.

తరువాతి ఆట మా ఊళ్లోనే, ఏదో చిన్న జట్టుతో. పెద్దదొర రాలేదు. ఆట మొదలైన కాసేపటికే మల్లేశానికి బంతి దొరికింది. గోలుకు ఎంతో దూరం నుంచి ఉత్సాహం పట్టలేక తన్నాడు. అది వెదురు బొంగు పైనుంచి లేచి, ఆముదం చేను దాటి, ఎవరి పెరట్లోనో పడింది. అంత చెడ్డ దెబ్బ చిన్నదొర కూడా ఎప్పుడూ కొట్టలేదు.

గట్టు మీద బాలయ్య లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టాడు. జహంగీర్ లేచాడు, నర్సింగరావు లేచాడు, హోటల్ మూసి వచ్చిన ఖాసింభాయి లేచాడు. నేనూ లేచాను. మైదానమంతా చప్పట్లు. మల్లేశం బిత్తరపోయి నిలబడ్డాడు. రిఫరీ ఆట ఆపి మా దగ్గరికి వచ్చాడు.

"గోలు పడలేదు గద, ఎందుకు కొడుతున్నరు?" అని అడిగాడు.

బాలయ్య చేతులు ఆపలేదు. "ఇది పోయిన ఆటది సార్" అన్నాడు.